తక్కువ ఖర్చుతో అండమాన్

అండమాన్ యాత్ర ఎంతలో తేలుతుందన్నది చాలావరకు ప్రయాణ తేదీలను బట్టే ఉంటుంది. తూర్పు తీరానికి దాదాపు 1,200 కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతంలో ఉన్న ఈ దీవులకు చేరడానికి విమానం, ఓడ తప్ప మరో దారి లేదు. విమానంలో సీట్లు పరిమితం. అందరూ ఒకేసారి బయల్దేరే రోజుల్లో టికెట్ మామూలు ధరకు రెండింతలు, ఒక్కోసారి మూడింతలు పలుకుతుంది. నలుగురున్న కుటుంబం ఆ రోజులను తప్పించుకుంటే, మిగిలిన డబ్బుతో అక్కడ నాలుగైదు రోజుల బస, భోజనాలు గడిచిపోతాయి.

ఆ రద్దీ రోజులేవో ముందే తెలుసు. డిసెంబరు మూడో వారం నుంచి జనవరి మొదటి వారం దాకా క్రిస్మస్, కొత్త సంవత్సరం తాకిడి. తెలుగువారు అంతగా పట్టించుకోనిది దసరా సమయం. దుర్గాపూజ సెలవుల్లో బెంగాలీ కుటుంబాలు పెద్ద సంఖ్యలో అండమాన్ వస్తాయి. అప్పుడు విమానం సీట్లే కాదు, హోటల్ గదులూ దొరకవు. వేసవి ముగిశాక ధరలు పడిపోతాయి గానీ, ఆ చౌకను చూసి తొందరపడకూడదు. ఈ దీవుల్లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అంటే హైదరాబాదులో పడేదానికి మూడు రెట్లకు పైమాటే. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. సముద్రం పోటెత్తితే దీవుల మధ్య పడవలు ఆగిపోతాయి. అలాంటప్పుడు చౌకగా వెళ్లినవారు గదిలో కూర్చుని వాన చూడాల్సిందే.

వాతావరణం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు బాగుంటుంది. డబ్బు పరంగా అందులోనూ మేలైనది ఫిబ్రవరి, మార్చి నెలలు. సముద్రం నిలకడగా, నీళ్లు తేటగా ఉంటాయి. పిల్లల పరీక్షల కాలం కావడంతో కుటుంబాల రద్దీ తగ్గుతుంది. బడి పిల్లలున్నవారికి సంక్రాంతి సెలవులు అనుకూలం. కొత్త సంవత్సరం తాకిడి అప్పటికి తగ్గి ఉంటుంది.

అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి అక్కడికి ప్రభుత్వ ప్రయాణికుల ఓడలు నడుస్తాయి. చెన్నై, కోల్‌కతాల నుంచి నెలకు మూడు నాలుగు సార్లు, విశాఖ నుంచి సాధారణంగా నెలకు ఒకసారి ఓడ ఉంటుంది. ప్రయాణం రెండున్నర రోజులకు అటూ ఇటూ పడుతుంది. అన్నిటికంటే చౌక బంక్ క్లాసు. పెద్ద హాల్లో కింద ఒకటి, పైన ఒకటిగా బెర్తులు వరసగా ఉంటాయి. డబ్బు ఎక్కువ పెట్టేవారికి క్యాబిన్లున్నాయి. భోజనానికి వేరుగా చెల్లించాలి. ఓడల తేదీలు కొద్ది వారాల ముందే వెల్లడవుతాయి, మారుతుంటాయి కూడా. రానూపోనూ ఓడలోనే అయితే అయిదు రోజులు నీటి మీదే గడిచిపోతాయి. వారం సెలవు దొరికే ఉద్యోగికి ఇది పొసగదు. రిటైరైనవారు, సెలవుల్లో ఉన్న విద్యార్థులు మాత్రం వెళ్లేటప్పుడు ఓడలోనూ, వచ్చేటప్పుడు విమానంలోనూ ప్రయాణిస్తే డబ్బు కలిసొస్తుంది, నడిసముద్రమూ చూసినట్టవుతుంది. వాంతులు కాకుండా మాత్రలు దగ్గర పెట్టుకోవాలి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు మరో వెసులుబాటు ఉంది. సొంతూరికి వెళ్లే ఎల్‌టీసీకి (సెలవు ప్రయాణ రాయితీకి) బదులు అండమాన్ వెళ్లవచ్చు. మామూలుగా విమాన ప్రయాణానికి అర్హత లేని ఉద్యోగులకు కూడా కోల్‌కతా, చెన్నై, విశాఖపట్నంల నుంచి ఎకానమీ తరగతి ఛార్జీలు ఇస్తారు. ఈ సడలింపును 2026 సెప్టెంబరు 25 వరకు పొడిగించారు. టికెట్లు ఐఆర్‌సీటీసీ, బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్ ద్వారానే కొనాలి. ఈ ఒక్క నిబంధన తెలియక బిల్లు తిరిగొచ్చే ప్రమాదం ఉంది.

అక్కడికి చేరాక ఖర్చును నిర్ణయించేది దీవి నుంచి దీవికి తిరిగే పడవలు. పర్యాటకులు ప్రధానంగా చూసే దీవులు రెండు. ఒకప్పటి హేవ్‌లాక్ ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, నీల్ ఇప్పుడు షహీద్ ద్వీప్. రెండు పేర్లూ 2018 డిసెంబరు 30న మారాయి. పాత పేర్లు ఇంకా జనం నోళ్లలో ఉన్నాయి కాబట్టి రెండూ తెలిసుండటం మంచిది. ప్రైవేటు సంస్థల ఏసీ పడవలు స్వరాజ్ ద్వీప్‌కు గంటన్నరలో చేరుస్తాయి. టికెట్ వెయ్యి రూపాయలు దాటుతుంది. ప్రభుత్వ పడవకు రెండున్నర గంటలు పడుతుంది, టికెట్ వందల్లోనే ఉంటుంది. పైగా ప్రభుత్వ పడవలో డెక్ మీదికి వెళ్లి నిలబడవచ్చు. ఉప్పు గాలి ముఖానికి కొడుతుంటే, పచ్చటి దీవులు ఒక్కొక్కటే దగ్గరవుతూ దూరమవుతూ కనిపిస్తాయి. అద్దాలు మూసిన ఏసీ పడవలో ఆ భాగ్యం లేదు. అదనంగా పట్టే గంట సేపు వృథా కాదు. ఇబ్బందల్లా టికెట్ దొరకడంలోనే ఉంది. స్థానికుల అవసరాలకే మొదటి ప్రాధాన్యం, అది న్యాయం కూడా. ప్రభుత్వ పడవలో చోటు దొరికిన రోజును బట్టి మిగతా ప్రణాళిక వేసుకోవాలి. గుర్తింపు కార్డు అసలు ప్రతి వెంట ఉండాలి.

దీవులను చూసే వరసలో కూడా డబ్బు ఆదా ఉంది. మొదటి రోజు శ్రీ విజయపురం, మర్నాడు స్వరాజ్ ద్వీప్‌కు వెళ్లి రెండు రాత్రులు, అక్కడి నుంచి నేరుగా షహీద్ ద్వీప్‌లో ఒక రాత్రి, తిరిగి రాజధానిలో ఒక రాత్రి: ఇలా త్రికోణంలో తిరిగితే ఒకే దారిలో రెండుసార్లు టికెట్ కొనక్కర్లేదు. చివరి రాత్రి రాజధానిలోనే ఉండాలి. వాతావరణం చెడి పడవ రద్దయితే తిరుగు విమానం తప్పిపోతుంది. అప్పటికప్పుడు కొనే టికెట్ యాత్ర మొత్తం మీద చేసిన ఆదాను మింగేస్తుంది. ఈ వరసలో మరో మేలుంది. స్కూబా డైవింగ్ చేసినవారు పద్దెనిమిది గంటల వరకు విమానం ఎక్కకపోవడం క్షేమం. స్వరాజ్ ద్వీప్‌లో డైవింగ్ ముగించి షహీద్ మీదుగా వచ్చేసరికి ఆ గడువు దానంతటదే తీరిపోతుంది.

చూడదగ్గవాటిలో చాలా వాటికి ఖర్చు లేదు, ఉన్నా నామమాత్రమే. సెల్యులార్ జైలుకు ప్రవేశ రుసుము స్వల్పం. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఈ జైలుకు మొదట ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడు మిగిలాయి. ఒక్కో గదిలో ఒక్కో ఖైదీని ఉంచి, పక్క గదిలోని మనిషి ముఖం కూడా కనిపించకుండా ఒక రెక్క ముందు భాగం మరో రెక్క వెనక భాగాన్ని చూసేలా కట్టారు. అల్లూరి సీతారామరాజు నడిపిన రంప పోరాటంలో పట్టుబడినవారిలో కొందరిని అండమాన్‌కే పంపారు. తెలుగువారు ఈ జైలుకు ఒక పూట పూర్తిగా కేటాయించాలి.

స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా ఉత్తమ సముద్రతీరంగా పేర్కొంది. దీన్ని చూడటానికి అయ్యేది దారి ఖర్చే. షహీద్ ద్వీప్ ఇంకా చౌక. నేల చదునుగా ఉంటుంది, అద్దె సైకిల్ మీద దీవి అంతా చుట్టి రావచ్చు. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్ అని అక్కడి ఊళ్లకు, తీరాలకు రామాయణం పేర్లున్నాయి. లక్ష్మణ్‌పూర్ దగ్గరి సహజ శిలాతోరణాన్ని ఆటు సమయంలోనే చూడాలి. నీరు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల గుంటల్లో పీతలు, చిన్న చేపలు, సముద్ర దోసకాయలు కాళ్ల దగ్గరే కనిపిస్తాయి. ఆ రోజు ఆటుపోట్ల వేళలు బస చేసినచోట అడిగితే చెబుతారు. అండమాన్‌లో పొద్దు తొందరగా పొడుస్తుంది, సాయంత్రం అయిదు దాటగానే వాలిపోతుంది. ఉదయం ఆరుకల్లా బయటపడేవారికి రోజు కలిసొస్తుంది.

డబ్బు పెట్టాల్సినచోట మాత్రం పెట్టాలి. పగడపు దిబ్బలను నీళ్లలోకి దిగి చూడకపోతే అండమాన్ సగమే చూసినట్టు. జెట్ స్కీ, పారాసెయిలింగ్ ఎక్కడైనా దొరుకుతాయి, వాటిని వదులుకోవచ్చు. స్నార్కెలింగ్ గానీ, ఒక స్కూబా డైవింగ్ గానీ చేయడం ఖర్చుకు తగినది. ఈత రానివారిని కూడా శిక్షకుడు వెంటే ఉండి దింపుతాడు. అయితే గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవారు ముందుగా డాక్టరును సంప్రదించాలి. కొన్ని తీరాల్లో ఉప్పునీటి మొసళ్ల హెచ్చరిక బోర్డులుంటాయి. వాటిని ధిక్కరించి నీళ్లలోకి దిగకూడదు.

భోజనానికి తెలుగువారు బెంగపడక్కర్లేదు. ఈ దీవుల్లో ఎక్కువగా వినిపించే భాషల్లో తెలుగు ఒకటి. ఉత్తరాంధ్ర నుంచి తరాల కిందట వలస వెళ్లిన కుటుంబాలు రాజధానిలో స్థిరపడ్డాయి. అన్నం, పప్పు, చేపల పులుసు చిన్న హోటళ్లలో దొరుకుతాయి. చేప ఇక్కడిదే కాబట్టి చౌక. బియ్యం, కూరగాయల్లో చాలా భాగం ఓడల్లో రావాలి కాబట్టి వాటి ధర ఎక్కువ. రిసార్టులో తినే ఒక పూట డబ్బుతో బజారులో రెండు పూటలు గడుస్తాయి. చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ 2020లో వచ్చాక ఇంటర్నెట్ మెరుగైనా, చిన్న దీవుల్లో సిగ్నల్ పోయి చెల్లింపులు ఆగిపోతుంటాయి. రెండు మూడు రోజులకు సరిపడా నగదు దగ్గరుండాలి.

బారాటాంగ్ దీవిలోని సున్నపురాతి గుహలకు వెళ్లే రోడ్డు జారవా ఆదివాసుల అడవి మధ్యగా పోతుంది. వాహనాలను బారుగా, కాపలాతో పంపుతారు. ఆ జారవాలను ఫొటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం నేరం. రోజంతా పట్టే ఈ ప్రయాణాన్ని మానుకుంటే డబ్బు మిగులుతుంది, ఆ మనుషులకూ మేలు జరుగుతుంది. నికోబార్ దీవులకు పర్యాటకులను సాధారణంగా అనుమతించరు. తీరంలో ఏరుకున్న పగడపు ముక్కలను సంచిలో వేసుకుని రావద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, విమానాశ్రయం తనిఖీలో పట్టుకుంటారు.