బరువులెత్తు విద్య – తొలినాళ్ల అధైర్యము

పల్నాటి సీమలో బలమును గూర్చి వేఱుగ బోధింప నక్కఱలేదు. తిరునాళ్లలో ఎడ్లచే బండలాగించు పందెములను నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతముల బాలురు చూచియే యుందురు. అయినను తాము స్వయముగా బరువునెత్త బూనినపుడు, పదిదినములలోనే “ఇది నావలన గాదు” అని విడిచిపెట్టువారు పెక్కుమంది. బలము పెరుగు విధమును ఎఱుగకపోవుటయే ఇందుకు తఱచు కారణమగుచున్నది. కావున ఆ విధమును గూర్చి కొంత వివరింపదలచితిమి.

క్రొత్తగా సాధన కారంభించిన వానికి మొదటి వారములలో ఒక వింత కనబడును. ఎత్తగల బరువు హెచ్చుచుండును. కాని అద్దములో దేహము మాఱినట్లు తోచదు. కండయందు సన్నని తంతువులు వేలకొలదిగ నున్నవి. అలవాటులేనివాడు ఎంత ప్రయత్నించినను, నరములు వానినన్నిటిని ఒక్కమాఱుగ పనికి బిలువజాలవు. అభ్యాసముచే నరములు మఱిన్ని తంతువులను కలిపి పనిచేయించుట నేర్చుకొనును. తొలి బలము ముఖ్యముగా ఈ నేర్పువలన వచ్చినదే. కండ లావగుట కంటికి గానవచ్చుటకు రెండు మూడు నెలలు పట్టవచ్చును. అద్దమును మాత్రమే నమ్ముకొన్నవాడు, తనయందు జరిగిన వృద్ధిని గుర్తింపకయే సాధనను మానుచున్నాడు.

మఱియొక భయము నొప్పివలన గలుగును. క్రొత్త వ్యాయామము చేసిన మఱునాడును, ఆపై దినమును కండలు సలుపుట సహజము, కొలదిదినములలో తగ్గును. తీక్ష్ణమైన పోటుగాని, కీలువాపుగాని కలిగినయెడల సాధననాపి వైద్యునకు జూపవలెను. బరువులెత్తిన పిల్లలు పొట్టివారగుదురని తలిదండ్రులు కొందఱు జంకుదురు. తెలిసిన గురువు దగ్గఱ, తగిన బరువులతో, క్రమపద్ధతిని చేసిన సాధన పెరుగుదలను నిలుపుననుటకు ఆధారము లేదు. గురువులేక, పంతమునకు మించిన బరువు నెత్తుటయే ప్రమాదకరము.

అధైర్యమునకు మూలము తఱచుగా ఇతరులతో పోల్చుకొనుట. బండలాగు పందెములలో మన రైతులు ఎడ్లను పండ్లనుబట్టి విభజింతురు. రెండుపండ్ల గిత్తలకొక పందెము, నాలుగుపండ్లవానికి వేఱొకటి, ఆఱుపండ్లవానికి మఱొకటి. రెండుపండ్ల గిత్త పెద్దయెడ్ల బండను కదల్పలేదని ఎవ్వరును దానిని నిందింపరు. పశువునకు జూపు ఈ న్యాయమును బాలుడు తనకు జూపుకొనడు. మూడేండ్లు సాధన చేసినవాని ప్రక్కన నిలిచి, మూడువారముల తన బలమును కొలుచుకొని క్రుంగిపోవును.

ఈ సందర్భమున కరణం మల్లేశ్వరి చరిత్ర మనమెఱుగదగినది. 1975 సం॥న జన్మించి, శ్రీకాకుళము జిల్లా వూసవానిపేటలో పెరిగిన ఈమె పండ్రెండేండ్ల ప్రాయమున నీలంశెట్టి అప్పన్న శిక్షణలో ఈ విద్య నారంభించెను. బక్కపలుచని పిల్లకు ఇది తగదని మొదట పలికినవారుండిరి. 1994, 1995 సం॥లలో ఆమె 54 కిలోల తరగతిలో ప్రపంచవిజేత యయ్యెను. 2000 సం॥ సెప్టెంబరు 19 వ తేదీన సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో, 69 కిలోల తరగతియందు, నేలనుండి ఒక్క ఊపున తలపైకెత్తు స్నాచ్‌లో 110 కిలోలు, భుజములపై నిలిపి పిదప పైకెత్తు క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, వెరసి 240 కిలోలెత్తి కంచుపతకము నందెను. ఒలింపిక్ పతకము నందిన తొలి భారతమహిళ ఈమెయే. స్త్రీల బరువులెత్తు పోటీ ఆ క్రీడలలో చేరినదియు ఆ యేడే.

ఆనాటి ఆమె చివరి ప్రయత్నము 137.5 కిలోలు. అది నిలిచియున్న స్వర్ణము ఆమెదే, కాని నిలువలేదు. అయినను అంతకుముందెత్తిన 130 కిలోలు లెక్కలో నట్లే యుండెను. ఈ క్రీడలో ఒక్కొక్క పద్ధతికి మూడు ప్రయత్నములిత్తురు. వానిలో నెగ్గిన మేలైనదానినే గణింతురు. ఎత్తలేకపోయిన బరువు, ఎత్తిన బరువును కొట్టివేయదు. లోకములో మేటివారికి వర్తించు ఈ నియమమును మన విద్యార్థులును తమకు వర్తింపజేసికొనవచ్చును.

ఇక ఆచరణమార్గము. పోటీలలో వాడు ఇనుపకడ్డీయే పురుషులకు 20, స్త్రీలకు 15 కిలోలుండును. కావున మొదట కఱ్ఱతో భంగిమ నేర్చి, పిదప కడ్డీని బట్టవలెను. వారమునకు మూడుదినముల సాధన చాలును. విరామదినములలోనే కండ బాగుపడును. భంగిమ చెడకుండ ఎత్తగలిగిననాడే రెండుపక్కలగలిపి రెండు, రెండున్నర కిలోలు చేర్చవలెను. పప్పు, పాలు, గ్రుడ్లు, వేరుసెనగలు, చాలినంత నిద్ర ఆవశ్యకములు. ప్రతిదినమును ఎత్తిన బరువును, మాఱులను ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. మనస్సు “నేనెదుగుట లేదు” అన్నపుడు, రెండునెలల క్రిందటి పుట దానికి బదులు చెప్పును. కొన్నివారములు బరువు హెచ్చకపోవుటయు గలదు. అపుడు కొంత తగ్గించి, భంగిమను దిద్దుకొని మఱల నారంభింపవలెను.

తలిదండ్రులకొక మనవి. బిడ్డ యింటికి రాగానే “ఎంత యెత్తితివి?” అని యడుగుటకు ముందు, “ఈ దినము పోయితివా?” అని యడుగుడు. కొడుకు నడిగినట్లే కూతురినిగూడ అడుగుడు. మొదటి ప్రశ్నకు ప్రతిదినమును మంచి యుత్తరము దొరకదు. రెండవదానికి మంచి యుత్తరమిచ్చుట బిడ్డ చేతిలోనున్నది.