ఒక్క ఫిల్టర్ వల్ల నా ఇంటర్వ్యూ పోయింది! లిస్ట్ మెయిల్స్‌ని కరెక్ట్‌గా గుర్తుపట్టడం ఎలా?

ఈరోజు ఎపిసోడ్ మెయిల్ ఫిల్టర్ల గురించి. ముందు నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్తాను.

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో నా ఇన్‌బాక్స్ నిండా ఆఫర్లు, కోర్సుల మెయిల్సే. విసుగొచ్చి జీమెయిల్‌లో ఒక ఫిల్టర్ పెట్టా. మెయిల్‌లో ఎక్కడైనా "అన్‌సబ్‌స్క్రైబ్" అనే మాట ఉంటే అది ఇన్‌బాక్స్‌లోకి రాకూడదు. రెండు వారాలు హాయిగా గడిచాయి. తర్వాత చూస్తే, ఒక కంపెనీ ఇంటర్వ్యూ టైం పంపిన మెయిల్ కూడా పక్కకి పోయింది. దాని అడుగున చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంది మరి! నేను చూసేసరికి ఇంటర్వ్యూ అయిపోయి మూడు రోజులైంది.

తప్పెక్కడ జరిగింది? నేను మెయిల్ లోపలి మాటలు చూశాను. చూడాల్సింది హెడర్‌ని.

హెడర్ అంటే కొరియర్ పార్సిల్ మీద అంటించే స్లిప్ లాంటిది. మామూలుగా మనకి పూర్తిగా కనిపించదు. కంప్యూటర్‌లో జీమెయిల్ ఓపెన్ చేసి, మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" కొడితే మొత్తం కనిపిస్తుంది. అందులో రెండు లైన్లు వెతకండి.

ఒకటి, లిస్ట్-ఐడీ. 2001లో ఆర్‌ఎఫ్‌సీ 2919 అనే స్టాండర్డ్‌తో వచ్చింది. ఇది ఆ లిస్ట్‌కి సొంత పేరు. రాసే మనిషి మారినా, సబ్జెక్ట్ మారినా ఇది మారదు. గూగుల్ గ్రూప్స్, మెయిల్‌మ్యాన్ లాంటివి దీన్ని వాటంతటవే పెడతాయి.

రెండు, లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్. ఇది 1998 నాటిది, ఆర్‌ఎఫ్‌సీ 2369. పంపినవాళ్ల పేరు దగ్గర యాప్ చూపించే అన్‌సబ్‌స్క్రైబ్ బటన్‌కి ఆధారం ఇదే. 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8058 వచ్చాక ఒక్క క్లిక్‌తోనే బయటపడే పద్ధతి వచ్చింది. జీమెయిల్‌కి రోజుకి 5000కి పైగా మెయిల్స్ పంపేవాళ్లు ప్రమోషన్ మెయిల్స్‌లో ఇది ఇవ్వాల్సిందేనని గూగుల్ 2024లో రూల్ పెట్టింది.

సరే, ఇప్పుడు ఏం చేయాలి?

కాలేజీ గ్రూప్, ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ లాంటి కావాల్సిన లిస్ట్ అయితే, కంప్యూటర్‌లో పంపినవాళ్ల పేరు కింద ఉన్న చిన్న బాణం నొక్కండి. మెయిలింగ్ లిస్ట్ అనే లైన్, దాని పక్కనే ఫిల్టర్ పెట్టే ఆప్షన్ ఉంటాయి. దాంతో ఒక లేబుల్ ఇవ్వండి. ఒక్కసారి పెడితే చాలు, ఫోన్‌లోనూ ఆ లేబుల్ కనిపిస్తుంది.

మీరే చేరి, ఇప్పుడు వద్దనుకున్న లిస్ట్ అయితే యాప్ ఇచ్చే బటన్ నొక్కేయండి.

అసలు ఎవరో తెలియని మెయిల్ అయితే లోపలి లింక్ ముట్టుకోవద్దు. నొక్కితే మీ అడ్రస్ పనిచేస్తోందని వాళ్లకి తెలిసిపోతుంది. స్పామ్‌గా రిపోర్ట్ చేయండి. లిస్ట్-ఐడీ ఉన్నంత మాత్రాన నమ్మకండి, ఆ లైన్ ఎవరైనా రాసుకోవచ్చు.

చివరిగా ఒక మాట. కొత్త ఫిల్టర్‌కి మొదటి వారం లేబుల్ మాత్రమే ఇవ్వండి, ఇన్‌బాక్స్ నుంచి తీసేయకండి. అందులో ఏం పడుతున్నాయో చూసుకున్నాకే పక్కకి పంపండి. నేను ఆ ఒక్క వారం ఆగి ఉంటే ఆ ఇంటర్వ్యూకి వెళ్లేవాణ్ణి. సెలెక్ట్ అయ్యేవాణ్ణో కాదో తర్వాతి సంగతి!

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!