అడంగల్ మీద చెయ్యి ఎవరిది?

పల్నాట ఏ ఊళ్లోనైనా పొలం తగాదా చివరికి ఒక కాగితం దగ్గరకే వస్తుంది. అడంగల్లో ఎవరి పేరుంది? వన్-బీలో ఎవరి పేరుంది? రొంపిచెర్లలో ఎకరం చెక్క ఉన్న కూలీకైనా, పక్కవాడి పొలం కౌలుకు చేసే రైతుకైనా ఆ పేరే ఆధారం. ఆ లెక్కలో రాసే అధికారం ఎవరికిచ్చారు, దాన్ని ఎప్పుడు ఎలా తీసేస్తారు అన్నది ఆఫీసువాళ్ల గొడవ అని వదిలేస్తే నష్టపోయేది మనమే.

కలం లాక్కుంటే చాలదు

ఒకప్పుడు ఆ అధికారం కరణానిది. కలం ఆయన చేతిలో, దస్త్రం ఆయన ఇంట్లో. 1984 జనవరి 6న ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు ఉద్యోగాలను ఒక్క దెబ్బతో రద్దు చేసింది. 1985లో సుప్రీంకోర్టు కూడా ఆ రద్దును సమర్థించింది. వంశపారంపర్య పెత్తనానికి దెబ్బ తగిలింది, మంచిదే. కాని కలం లాక్కోవటం ఒక పని, దస్త్రం స్వాధీనం చేసుకోవటం మరో పని.

తెలంగాణాలో 2020 సెప్టెంబర్ 7న వి.ఆర్.వో.లను మధ్యాహ్నం మూడింటిలోగా రికార్డులు అప్పగించమన్నారు. ఆ నెలలోనే చట్టం చేసి ఆ ఉద్యోగాలే తీసేశారు. అక్టోబర్ 29న ధరణి వచ్చింది. అధికారం తహసీల్దారు, కలెక్టరు లాగిన్లలోకి పోయింది. కొత్త లెక్కలో అనుభవదారు గడి లేకుండా పోయింది. అంటే దున్నేవాడి ఉనికే చెరిగిపోయింది. చివరికి 2025లో ధరణి బదులు భూభారతి చట్టం తేవాల్సొచ్చింది. కిందివాడి అధికారం పైవాడికిస్తే అది జనానికి వచ్చినట్టు కాదు.

కంప్యూటర్లో రద్దు ఎట్లా?

ఇప్పుడు దస్త్రం కంప్యూటర్లో ఉంది. అందులో లెక్కలు పట్టికలుగా ఉంటాయి. ఒక్కో పట్టిక మీద చూసే హక్కు, రాసే హక్కు, దిద్దే హక్కు, చెరిపే హక్కు వేరువేరు. వాటిని మనిషి పేరు మీదా ఇవ్వొచ్చు, హోదా పేరు మీదా ఇవ్వొచ్చు. ఇచ్చినదాన్ని తీసెయ్యటానికి 'రివోక్' అనే ఆజ్ఞ ఉంది. పట్టికలు వందలుంటే ఒక్కొక్కటీ చేత్తో తీస్తే ఒకటో రెండో మిగిలిపోతాయి. అందుకని ఎవరికి ఏ పట్టిక మీద ఏ హక్కుందో యంత్రం చేతే జాబితా తీయించి, ఒక్కో వరసకు ఒక్కో రద్దు ఆజ్ఞ తయారు చేయించి వరసగా నడుపుతారు.

మోసం జరిగేదీ ఇక్కడే. హోదా తీసేసినా అదే హక్కు సొంత పేరు మీద కూడా ఉంటే అది అట్లాగే నిలుస్తుంది. 'అందరికీ' అని ఇచ్చిన హక్కు ఒక్కడి పేరు కొట్టేస్తే పోదు. ఇంకొకరికి ఇచ్చే అధికారం కూడా ఉన్నవాడైతే, అతను పంచిన హక్కుల సంగతీ తేల్చాలి. తూము బిగించినా గట్టుకు గండి ఉంటే నీళ్లాగుతాయా? కాబట్టి రద్దయ్యాక మళ్లీ జాబితా తీసి, ఏమీ మిగల్లేదని చూసుకోవాలి.

యజమాని చేతిలో తాళం

కౌలురైతు సంగతి చూడండి. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డుకు భూయజమాని సంతకం అక్కర్లేకపోయేది. 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల కార్డుకు యజమాని సంతకం కావాలంది. పంట వేసినవాడి పేరు రాయించుకునే హక్కు ఇచ్చినట్టే ఇచ్చి, తాళం యజమానికిచ్చారు.

మేం అడిగేది

ఉద్యోగి బదిలీ అయినా, రిటైరయినా, సస్పెండయినా ఆ రోజే హోదా మీదా పేరు మీదా ఉన్న హక్కులన్నీ తీసెయ్యాలి. రాసే, దిద్దే అధికారం ఎవరికుందో గ్రామసభలో చదివి, సచివాలయం గోడకు అంటించాలి. ఎవరు ఏ తేదీన ఏ పేరు తీసి ఏ పేరు రాశారో చెరగకుండా ఉంచి, రైతు అడిగితే నకలివ్వాలి. దిద్దే హక్కు ఎవరిదగ్గర తీసినా, చూసే హక్కు మాత్రం జనం దగ్గర తీయగూడదు.

ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు. భూహక్కుల చట్టం 2023 అక్టోబర్ 31న అమల్లోకి వస్తే, జనంలో, లాయర్లలో లేచిన అలజడికి 2024లో అది రద్దయింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. ప్రతి ఊరి సంఘమూ తహసీల్దారు ఆఫీసులో ఒక్క ప్రశ్న పెట్టాలి: మా ఊరి అడంగల్ దిద్దే అధికారం ఇవాళ ఎవరెవరికి ఉంది? జవాబు కాగితం మీద వచ్చేదాకా కదలొద్దు.