పాచి తింటే బలమా?



మొన్న ఆదివారం బట్టలు ఉతికే తొట్టి దగ్గర ఒక సంగతి జరిగింది. ఆరో తరగతి చెల్లెలు ఒకామె తొట్టి అంచుకు పట్టిన పచ్చటి పాచిని వేలితో గీకి నాలుక మీద పెట్టుకుంది. ఎందుకే అని అడిగితే, "పాచిలో బలం ఉంటదని నువ్వే చెప్పావు గదక్కా" అంది. వెంటనే ఉమ్మించి నోరు కడిగించాం. ఆ పిల్లకు ఏమీ కాలేదు. కానీ తప్పు నాదే. నేను సగం మాటే చెప్పాను. మిగతా సగం చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

పాచి అంటే ఏమిటి?

పాచిలో చాలా రకాలు ఉన్నాయి. కంటికి విడివిడిగా కనిపించనంత చిన్నవాటిని సూక్ష్మ శైవలాలు అంటారు. అవి కూడా చెట్లలాగే ఎండతో తమ ఆహారం తామే తయారు చేసుకుంటాయి. వాటిలో మనుషులు ఎక్కువగా తినేది స్పైరులినా. బొమ్మలో చూస్తే స్ప్రింగులాగా మెలితిరిగి ఉంటుంది. ఇది నీలి ఆకుపచ్చ శైవలాలలో ఒకటి. క్లోరెల్లా అని ఇంకొకటి ఉంది. దాని కణానికి గట్టి గోడ ఉంటుంది, ఆ గోడ పగలగొడితేగాని మనకు సరిగా అరగదు. స్పైరులినా గోడ పలచన, అందుకే తేలికగా అరుగుతుంది.

దీన్ని ముందు ఎవరు తిన్నారు?

ఇది కంపెనీలు కొత్తగా కనిపెట్టిన తిండి కాదు. ఆఫ్రికాలో చాద్ సరస్సు పక్కన కానెంబు అనే జాతి ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లు సోడా నీటి గుంటల్లో తేలే స్పైరులినాను ఎత్తి, ఇసుక మీద ఎండబెట్టి బిళ్లలు చేస్తారు. దాని పేరు దిహే. పులుసులో వేసి సజ్జ ముద్దతో తింటారు. మెక్సికోలో టెస్కోకో సరస్సు దగ్గర అజ్టెక్ ప్రజలు ఇలాంటి బిళ్లలే తినేవాళ్లని 500 ఏళ్ల కిందట అక్కడికి వెళ్లిన స్పెయిన్ వాళ్లు రాశారు. మన దేశంలో మహారాష్ట్రలోని లోనార్ సరస్సులో స్పైరులినా దానంతట అదే పెరుగుతుంది.

అంటే చదువు రాని ఆడవాళ్లకు ముందే తెలుసు, శాస్త్రవేత్తలు తర్వాత తెలుసుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు మా యాడి గుర్తుకొచ్చింది. యాడి అంటే మా తండా మాటలో అమ్మ. ఆమెకు అక్షరాలు రావు. కానీ చేలో ఏ ఆకు కూరకు పనికొస్తుందో, ఏది ముట్టుకోకూడదో చూడగానే చెప్తుంది.

అందులో ఏముంది?

100 గ్రాముల ఎండు స్పైరులినా పొడిలో సుమారు 57 గ్రాముల ప్రొటీను ఉంటుంది. అంతే బరువు కందిపప్పులో 22 గ్రాములు, వేరుశనగ గింజల్లో 24 గ్రాములు దాకా ఉంటుంది. ఇనుము కూడా 28 మిల్లీగ్రాముల దాకా ఉంది. మన ఒంట్లో విటమిన్ ఎ గా మారే కెరోటిన్ కూడా బాగా ఉంది. విటమిన్ ఎ తక్కువైతే రేచీకటి వస్తుందని పాఠంలో చదువుకున్నాం గదా. స్పైరులినాలోని కెరోటిన్ చిన్నపిల్లల ఒంటికి పడుతుందా లేదా అని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పరీక్ష చేశారు. పడుతుందని 1991లో ప్రచురించారు.

ఇదంతా నిజమే. నేను చెల్లెళ్లకు చెప్పిన సగం ఇదే.

నాకు జరిగింది

పోయిన సంవత్సరం రక్త పరీక్షలో నాకు హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. మన వయసు ఆడపిల్లలకు 12 అయినా ఉండాలి. డాక్టరు గారు ఇనుము మాత్రలు రోజూ వేసుకోమని ఇచ్చారు. సంక్రాంతి సెలవులకు తండాకు పోయినప్పుడు ఒకాయన పచ్చ మాత్రలు అమ్ముకుంటూ వచ్చాడు. ఒక్క మాత్ర కిలో కూరగాయలతో సమానం అన్నాడు. రక్తం పడుతుంది అన్నాడు. మా యాడి రెండు రోజుల మిరప కోత కూలి, 600 రూపాయలు, ఆయన చేతిలో పెట్టింది. డబ్బాలో 60 మాత్రలు.

నేను పచ్చ మాత్రలు రోజుకు రెండు వేసుకున్నాను. ఇనుము మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పేది. అందుకని దాన్ని మానేసి ట్రంకు పెట్టెలో దాచాను. ఎవరికీ చెప్పలేదు. మళ్లీ పరీక్ష చేస్తే 9.1 వచ్చింది. పెరగలేదు సరిగదా తగ్గింది. అప్పుడు ఏడ్చుకుంటూ సైన్సు మేడం గారికి డబ్బా చూపించాను. మేడం తిట్టలేదు. పలక తెచ్చుకో, లెక్క చేద్దాం అన్నారు.

ఆ లెక్క ఇది

ఒక మాత్ర అర గ్రాము. అంటే 100 గ్రాములకు 200 మాత్రలు కావాలి.
ఒక మాత్రలో ప్రొటీను 0.28 గ్రాము. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు. ఒక్క గుడ్డుకు 21 మాత్రలు మింగాలి.
ఒక మాత్రలో ఇనుము 0.14 మిల్లీగ్రాము. నేను దాచిపెట్టిన ఇనుము మాత్రలో 60 మిల్లీగ్రాములు. దానికి సమానం కావాలంటే పచ్చ మాత్రలు 420కి పైగా కావాలి.
డబ్బా మొత్తంలో ప్రొటీను 17 గ్రాములు. అంటే మూడు గుడ్లకు సరిపోదు.

మూడు గుడ్ల బలానికి మా యాడి 600 రూపాయలు ఇచ్చింది. ఆ లెక్క చూసి నాకు నోట మాట రాలేదు. స్పైరులినా అబద్ధం కాదు. మనం తినే కొలత చిన్నది. వందకు ఎంత ఉందో చెప్పి, మనం తినేది ఎంతో చెప్పకపోతే అది సగం మాటే. రోజుకు 10 గ్రాముల పొడి తింటే అది ఒక గుడ్డంత ప్రొటీను ఇస్తుంది. కానీ అలా 10 గ్రాములు తినాలంటే రోజుకు 20 మాత్రలు, డబ్బా మూడు రోజులకే అయిపోతుంది.

ఇంకో సంగతి. స్పైరులినాలో బి12 విటమిన్ ఉందని అంటారు. కానీ అందులో ఎక్కువ భాగం మన ఒంటికి పనికిరాని రకం. అసలు బి12 మనకు గుడ్డు, పాలు, చేప, మాంసంలో దొరుకుతుంది.

తొట్టిలో పాచి తినకూడదు

తినే స్పైరులినాను శుభ్రమైన తొట్లలో, సోడా ఉప్పు కలిపిన నీళ్లలో పెంచుతారు. కలియతిప్పుతూ ఉంటారు. తర్వాత గుడ్డతో వడగట్టి, కడిగి, పిండి, ఆరబెడతారు. దానికి మంచి ఎండ కావాలి. ఎండ ఒక్కటే చాలు అంటే మన రెంటచింతలను మించిన ఊరు లేదు! కానీ శుభ్రమైన నీరు, పరీక్ష చేసే లేబొరేటరీ కూడా కావాలి. ఎందుకంటే కుంటలో, తొట్టిలో పెరిగే నీలి ఆకుపచ్చ పాచిలో కొన్ని విషం పుట్టిస్తాయి. మైక్రోసిస్టిన్ అనే విషం కాలేయాన్ని పాడు చేస్తుంది. నీళ్లు మరగబెట్టినా అది పోదు. ఏది మంచి పాచో ఏది చెడ్డదో కంటితో చెప్పలేం. కాబట్టి చెల్లెళ్లారా, పాచి పట్టిన నీళ్లు తాగొద్దు, పాచి నోట్లో పెట్టొద్దు.

మనం ఏం చేయాలి?

డాక్టరు గారు ఇచ్చిన ఇనుము మాత్ర మానొద్దు. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో అంతగా తిప్పదు. దానితోపాటు నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. టీ మాత్రం అప్పుడే తాగొద్దు. గుడ్డు వాసన అని పక్కవాళ్ల కంచంలో వేయొద్దు. పల్లీ చిక్కీ, రాగి జావ వదలొద్దు. మునగాకులో కూడా ఇనుము, కెరోటిన్ ఉన్నాయి, అది డబ్బు పెట్టకుండా దొరుకుతుంది.

నేను మళ్లీ మాత్రలు మొదలుపెట్టి రెండు నెలలయింది. ఇప్పుడు 10.8. ఇంకా 12 రావాలి.

వార్డెన్ మేడం గారికి ఒక విన్నపం. వంటగది వెనక గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట రెండు మునగ కొమ్మలు నాటుకోనివ్వండి. నీళ్లు మేమే చూసుకుంటాం. తొట్టి కూడా వారానికొకసారి సున్నం వేసి మేమే రుద్దుతాం.

ఈ సెలవులకు పోయినప్పుడు ఆ లెక్క మా యాడికి కూడా చెప్తాను. అంకెలు రాకపోయినా గుడ్లు లెక్కపెట్టడం ఆమెకు బాగా వచ్చు.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి, మాచర్ల దగ్గరి తండా