రోలెక్స్ లుక్.. బడ్జెట్ 15 వేలే! ఇంట్లోనే ఆటోమేటిక్ వాచ్ ఎలా బిగిస్తున్నారు? ఎక్కడ జాగ్రత్త పడాలి?

చేతికి రోలెక్స్ సబ్‌మెరైనర్ ఉండాలని చాలామందికి ఆశ. షోరూమ్‌లో ధర చూస్తే మాత్రం గుండె గుభేల్‌మంటుంది.. లక్షల్లోనే మాట. పోనీ 'ఫస్ట్ కాపీ' కొందామా అంటే అది పక్కా నకిలీ సరుకు. ఈ రెండూ కాకుండా ఇంకో దారి ఉంది. పార్టులు విడివిడిగా తెప్పించుకుని, ఇంట్లో టేబుల్ ముందు కూర్చుని వాచ్‌ను సొంతంగా బిగించుకోవడం. 'సీకో మాడ్' పేరుతో రీల్స్‌లో కనిపించే వీడియోలు ఇవే. ఇంతకీ ఇది నిజంగా అయ్యే పనేనా?

అవుతుంది. కారణం ఒకే ఒక్క పార్టు.

అసలు గుండెకాయ ఎన్‌హెచ్35

జపాన్‌కు చెందిన సీకో గ్రూప్ తయారుచేసే ఎన్‌హెచ్35 అనే మూవ్‌మెంట్ ఇది. బ్యాటరీ ఉండదు. చేయి కదిలినప్పుడల్లా లోపల రోటర్ తిరిగి స్ప్రింగ్‌ను చుడుతుంది. 24 జ్యువెల్స్, గంటకు 21,600 బీట్స్. స్ప్రింగ్ పూర్తిగా చుట్టుకుంటే చేతికి పెట్టుకోకపోయినా సుమారు 41 గంటలు నడుస్తుంది. దీన్ని బయటి కంపెనీలకు కూడా అమ్ముతారు కాబట్టి విడిగా దొరుకుతుంది. దీని కొలతలకు సరిపోయేలా కేసులు, డయల్స్, ముళ్లు చైనాలో కుప్పలుగా తయారవుతున్నాయి. అందుకే ఒకచోట కేసు, ఇంకోచోట డయల్ కొన్నా చక్కగా కుదురుతాయి.

మరి రోలెక్స్‌తో సమానమా? అస్సలు కాదు. రోలెక్స్ తన వాచ్ రోజుకు 2 సెకన్లకు మించి అటూ ఇటూ కాదని చెబుతుంది. ఎన్‌హెచ్35కి సీకో ఇచ్చే లెక్క రోజుకు 20 సెకన్లు వెనక్కి, 40 సెకన్లు ముందుకు. రోజుకు 40 సెకన్లంటే నెలకు 20 నిమిషాలు! చాలా వాచ్‌లు ఇంతకంటే బాగానే నడుస్తాయి గానీ, వీడియోల్లో 'అచ్చం రోలెక్సే' అనే మాట నమ్మితే మాత్రం కష్టం.

ఖర్చు ఎంత?

మూవ్‌మెంట్‌కు మూడు నాలుగు వేలు, సఫైర్ గ్లాస్ ఉన్న స్టీల్ కేసుకు నాలుగైదు వేలు, డయల్, ముళ్లు, చైన్ కలిపి మరో మూడు నాలుగు వేలు.. ఇలా సుమారు 10 నుంచి 13 వేలు. టూల్స్‌కు ఇంకో రెండు వేలు వేసుకోవాలి. గ్లాస్ దగ్గర పొదుపు వద్దు. మామూలు మినరల్ గ్లాస్‌పై గీతలు త్వరగా పడతాయి, సఫైర్‌పై అంత తేలిగ్గా పడవు. అలీఎక్స్‌ప్రెస్‌ను కేంద్రం 2020 నవంబరులో నిషేధించింది. దాంతో పార్టులు వేరే సైట్ల నుంచో, ఇక్కడి రీసెల్లర్ల దగ్గరో కొనాలి. విదేశీ పార్సిల్ అయితే కస్టమ్స్ డ్యూటీ కూడా లెక్కలో పెట్టుకోవాలి.

బిగించేటప్పుడు చెడేది ఇక్కడే

డయల్ వెనక రెండు చిన్న కాళ్లు ఉంటాయి. కీ ఇచ్చే క్రౌన్ కొన్ని కేసుల్లో సరిగ్గా 3 దగ్గర, కొన్నింటిలో 4కు దగ్గరగా ఉంటుంది. దాన్నిబట్టి డయల్ కాళ్లూ మారతాయి. ఇది చూసుకోకుండా ఆర్డర్ పెడితే తేదీ కిటికీ పక్కకు పోతుంది.

తర్వాత ముళ్లు. ముందు క్రౌన్ తిప్పుతూ తేదీ మారే క్షణం పట్టుకోవాలి. తేదీ టక్కున మారగానే గంటల ముల్లు, నిమిషాల ముల్లు రెండూ 12 మీద కూర్చోబెట్టాలి. లేదంటే మధ్యాహ్నం మూడింటికి తేదీ మారే వాచ్ తయారవుతుంది! సెకన్ల ముల్లుకు ఉండే గొట్టం 0.2 మిల్లీమీటర్లే. చాలామంది వంచేసుకునేది దీన్నే. అందుకే రెండో సెట్ ముళ్లు దగ్గర ఉంచుకోవడం మంచిది. ఫ్యాన్ ఆపేయాలి, వేళ్లకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. గ్లాస్ కింద ఒక్క దుమ్ము కణం చిక్కినా మళ్లీ మొత్తం విప్పాల్సిందే.

అన్నింటికన్నా గుండె దడ పుట్టించేది స్టెమ్ కోయడం. క్రౌన్‌ను మూవ్‌మెంట్‌కు కలిపే ఈ సన్నటి కడ్డీ పొడవుగానే వస్తుంది. కేసుకు తగ్గట్టు కోసుకోవాలి. పొట్టిగా కోస్తే ఇక అతకదు, కొత్తది కొనాలి. అందుకే కాస్త ఎక్కువే ఉంచి కోసి, ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీస్తూ పెట్టి చూసుకోవాలి.

కేసు మీద 200 మీటర్లు అని ఉందని ఈతకు మాత్రం వెళ్లొద్దు. వెనక మూత రబ్బరు రింగు కాస్త మెలిపడినా నీళ్లు లోపలికి వెళ్తాయి. ప్రెజర్ టెస్టర్ ఉన్న వాచ్ షాపులో చెక్ చేయించాకే నీళ్లలో పెట్టాలి.

ఆ ఒక్క పేరు వేస్తే కేసే

తిరిగే బెజెల్, నల్ల డయల్, గుండ్రటి చుక్కలు.. ఈ తరహా డిజైన్‌తో ఎన్నో కంపెనీలు వాచ్‌లు అమ్ముతున్నాయి. 1953లో సబ్‌మెరైనర్ వచ్చిన ఏడాదే బ్లాంక్‌పాన్ కూడా ఇలాంటి డైవింగ్ వాచ్ తెచ్చింది. డయల్‌పై రోలెక్స్ పేరో, కిరీటం గుర్తో వేస్తే మాత్రం కథ మారిపోతుంది. ఇతరుల ట్రేడ్‌మార్క్ తప్పుడుగా వేసిన సరుకు అమ్మితే, 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. విదేశాల నుంచి వచ్చే నకిలీ లోగో డయల్స్‌ను కస్టమ్స్ ఆపేయొచ్చు కూడా. సీకో పేరున్న నకిలీ డయల్‌కూ ఇదే వర్తిస్తుంది, లోపల మూవ్‌మెంట్ అసలైనదే అయినా సరే. అందుకే ఏ పేరూ లేని డయల్ తీసుకోవడమే సేఫ్.

మొదటిసారి ప్రయత్నించేవాళ్లు తేదీ లేని ఎన్‌హెచ్38తో మొదలుపెట్టొచ్చు. తేదీ మారే క్షణం కోసం తంటాలు ఉండవు.