జీవకంచె (సముద్రతీర గృహాలు)

జీవకంచె అనగా ఇంటి స్థలము చుట్టూ గోడకు గాని, ముళ్ళతీగకు గాని బదులుగా మొక్కలతో పెంచే కంచె. సముద్రతీరంలో దీనివలన ఇంటికి మరుగు, ముంగిలికి అందము, ఉప్పుగాలి నుండి కొంత రక్షణ లభిస్తాయి. ఇచ్ఛాపురం నుండి తడ వరకు సుమారు వెయ్యి కిలోమీటర్ల పొడవున ఉన్న ఆంధ్రప్రదేశ్ తీరంలో సహజంగా పెరిగే మొగలి, పిసంగి, వావిలి, గంగరావి, పొన్న వంటివి ఇందుకు అనువైనవి.

నేపథ్యము

తీరగ్రామాలలో పూర్వము ప్రహరీగోడలు అరుదు. తాటిమట్టలతో లేదా కొబ్బరాకుతో దడి కట్టుకొనేవారు. వానకు నాని చీకిపోయే దడిని తరచుగా తిరిగి కట్టవలసి వచ్చేది. ఉత్తరాంధ్రలోని చుట్టిళ్ళకు తాటాకు కప్పు దాదాపు నేలను తాకేటట్లు దిగి ఉండుటచేత గాలిదెబ్బ తగ్గడమే గాక, లోపలివారికి చాటు కూడా దొరికేది. తరువాతి కాలంలో దడి స్థానంలో సిమెంటు గోడ వచ్చింది. అయితే ఉప్పుగాలికి గోడలోని ఇనుపచువ్వ త్రుప్పు పట్టి ఉబ్బుతుంది. దానితో పైనున్న కాంక్రీటు పగిలి పెచ్చులు ఊడుతుంది.

గోడకు, జీవకంచెకు తేడా

గట్టి గోడను తాకిన గాలి దానిపైకి ఎగసి, అవతలి వైపు సుడులు తిరుగుతూ దిగుతుంది. అందువలన గోడ వెనుక పెరట్లో ఇసుక, దుమ్ము ఎక్కువగా లేస్తాయి. మొక్కల కంచెలో సగానికి సగం సందులు ఉంటాయి గనుక గాలిలో కొంత భాగము లోపలినుండి వడపోసినట్లు నెమ్మదిగా పోతుంది, సుడులు తగ్గుతాయి. ఇటువంటి కంచె తన ఎత్తుకు సుమారు పది రెట్ల దూరము వరకు గాలివేగాన్ని గణనీయంగా తగ్గిస్తుంది. అంటే రెండు మీటర్ల కంచె వెనుక దాదాపు ఇరవై మీటర్ల మేర ముంగిలి కుదుటపడుతుంది.

ఇది రోజువారీ గాలికి సంబంధించిన మాట. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వంటి దానిని ఏ కంచె కూడా ఆపలేదు. ఆ నమ్మకంతో తీరానికి మరింత దగ్గరగా ఇల్లు కట్టడము ప్రమాదకరము.

మొక్కల ఎంపిక

అలలు విరిగినపుడు లేచే సన్నని ఉప్పుతుంపరలు గాలితో వచ్చి ఆకులపై అంటుకొంటాయి. ఉప్పు ఆకులోనికి చేరితే మొదట అంచులు, తరువాత ఆకంతా మాడిపోతుంది. ఇసుకనేలలో నీరు నిలువదు. తీరపు మొక్కలు ఈ రెండింటినీ తట్టుకొంటాయి: కొన్నింటి ఆకుపై మైనపు పూత ఉంటుంది, కొన్నింటి ఆకులు దళసరిగా ఉండి నీటిని నిలువచేస్తాయి.

సముద్రము వైపు మొదటి వరుసలో కంచె పెంచరాదు. అక్కడ సహజంగా ఉండే బాలబంద తీగ, రావణాసురుని మీసము అనే గడ్డి ఇసుకను పట్టి ఉంచుతాయి. సముద్రము చక్కగా కనబడాలని వీటిని పీకివేసిన ఇళ్ళలోనికి ఇసుక కొట్టుకొని వస్తుంది.

వాటి వెనుక మొగలి శ్రేష్ఠమైనది. ఆకు అంచుల ముళ్ళవలన పశువులు చొరబడవు. ఊడలు ఇసుకలో దిగి మొక్కను నిలబెడతాయి. ఆడ, మగ మొక్కలు వేరువేరు. సువాసన గలది మగ పువ్వు. తెలుగువారు కూడా గణనీయంగా నివసించే ఒడిషాలోని గంజాం జిల్లాలో పొలం గట్లపై మొగలి కంచెలు సాధారణము. అక్కడ ఆ పూలనుండి అత్తరు తీస్తారు. మొగలి వాసనకు పాములు వస్తాయని జనంలో నమ్మకము. నిజానికి పాములు వచ్చేది పొదలో చేరే కప్పలకు, ఎలుకలకు. ఏమైనను వీధిగుమ్మానికి ఆనుకొని మొగలిని నాటకపోవడమే మేలు.

గుమ్మము దగ్గర కత్తిరించి తీర్చుకొనుటకు పిసంగి తగినది. దీని పచ్చని ఆకులు దట్టంగా కమ్ముకొని, తెల్లని పూలు పూస్తాయి. వావిలిని పశువులు అంతగా మేయవు. స్థలము ఉన్నవారు వెనుక వరుసలో గంగరావి, పొన్న వేసుకోవచ్చును. పొన్న పెద్ద వృక్షము గనుక గోడలకు దూరంగా నాటాలి.

పరాయి మొక్కలు

ఈ తీరానికి గుర్తుగా మారిన సరుగుడు ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా ప్రాంతాలనుండి తెచ్చినది. రైతులకు ఆదాయము ఇచ్చే పంటే అయినా, రాలిన ఆకు నేలను కప్పివేయుటచేత దానికింద ఇతర మొక్కలు సరిగా పెరగవు. సర్కారు తుమ్మ అమెరికా ఖండానిది. ఒకసారి పాతుకొంటే తొలగించడము కష్టము. త్వరగా పెరుగుతుందని విరివిగా నాటిన కోనోకార్పస్‌ను గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో నిషేధించాయి.

నాటు విధానము

ఉత్తరాంధ్రలో జూన్, జూలై నెలల వానలకు నాటడము మంచిది. నెల్లూరు వైపు అధిక వర్షము అక్టోబరు నుండి పడుతుంది గనుక అక్కడ అప్పటివరకు ఆగాలి. పిసంగి, వావిలి కొమ్మలను నాటితే బ్రతుకుతాయి. పొన్న గింజకు పైపెంకు తీసివేస్తే త్వరగా మొలుస్తుంది. మొక్కలను ఎదురెదురుగా కాక రెండు వరుసలలో ఎడమార్చి నాటి, మూరెడు ఎత్తు రాగానే తల త్రుంచాలి. ఈ పని మానివేస్తే కంచె పైన గుబురుగా, కింద బోడిగా తయారై మరుగు ఉండదు.

చట్టము, తాబేళ్ళు

తీరప్రాంత క్రమబద్ధీకరణ మండలి నిబంధనలు 1991లో వచ్చాయి. 2011లోను, 2019లోను వాటి స్థానంలో కొత్తవి వెలువడ్డాయి. ఇసుకదిబ్బలకు వీటిలో అత్యధిక రక్షణ ఉన్నది. కాబట్టి తోట కొరకు దిబ్బను చదును చేయరాదు.

ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి. రాత్రి గుడ్డునుండి వెలువడిన పిల్లలు వెలుతురు ఉన్న దిక్కుకు ప్రాకుతాయి. సహజంగా అది సముద్రపు దిక్కు. ఇంటి దీపాలు ప్రకాశవంతంగా ఉంటే అవి దారితప్పి రోడ్డుకెక్కి చనిపోతాయి. దిబ్బకు వెనుకగా దట్టమైన కంచె ఉంటే ఆ వెలుతురు చాలావరకు మరుగుపడుతుంది. కంచెను దిబ్బ దాటించి ఇసుకతిన్నె మీదికి పెంచితే మాత్రము గుడ్లు పెట్టవచ్చే తల్లి తాబేలుకు అదే అడ్డమవుతుంది.