రక్తం గోలీలు మూలకు, ప్రోటీన్ డబ్బాలు బల్లపైకి

హైదరాబాద్ బోరబండలో ఎంఎంటీఎస్ రైలెక్కి లింగంపల్లి వైపు వెళ్తే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. అక్కడ పరీక్ష కూడా చేయించుకోకుండా వేలు పోసి సప్లిమెంట్లు కొనే ఉద్యోగులున్నారు. ఇటు బోరబండ బస్తీల్లో ఉచితంగా ఇచ్చినా ఐరన్ మాత్రలు, అంటే ‘రక్తం గోలీలు’, మింగని గర్భిణులున్నారు. ఇద్దరినీ దారి తప్పిస్తున్నవి అపోహలే.

అపోహ: ‘రక్తం గోలీలు’ వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తున్న మాట ఇదే. బిడ్డ రంగు తల్లిదండ్రుల జన్యువులను బట్టి వస్తుంది. గోలీ వల్ల నల్లబడేది మలం మాత్రమే, దానికి భయపడనక్కర్లేదు. గర్భిణులకిచ్చే ఈ ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన పరిశోధన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోనే జరిగింది. మనవాడి కృషి ఫలం మన ఆడబిడ్డలకే అందకపోవడం బాధాకరం. కడుపులో తిప్పితే రాత్రి భోజనం చేశాక వేసుకోవాలి. టీతోనూ, కాల్షియం మాత్రతోనూ కలిపితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

అపోహ: జిమ్‌కు వెళ్తే ప్రోటీన్ పౌడర్ తప్పదు.

వాస్తవం: కండ పెంచుకోవడానికి ప్రోటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాల్లోనే ఉంది. ఆరోగ్యవంతులకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. 60 కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట. బరువులెత్తేవారికి ఇంకొంచెం కావాలి. పప్పు, గుడ్లు, పెరుగు, పల్లీలు, చికెన్‌తో అదీ సరిపోతుంది.

అపోహ: ఇంత ఎండలున్న ఊళ్లో విటమిన్ డి లోపమేమిటి?

వాస్తవం: చర్మంలో విటమిన్ డి తయారుచేసే కిరణాలు కిటికీ అద్దాన్ని దాటి లోపలికి రావు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అద్దాల భవనంలో ఉండేవారికి ఎండ తగిలేది ఎప్పుడు? లోపం నిజమే. అలాగని 60,000 యూనిట్ల గోలీలు సొంతంగా కొని నెలల తరబడి మింగకూడదు. రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

అపోహ: విటమిన్లు ఎక్కువైతే మూత్రంలో పోతాయి, నష్టమేముంది?

వాస్తవం: సి, బి విటమిన్లు చాలావరకు పోతాయి. ఎ, డి, ఇ, కె పేరుకుపోతాయి. ఫిన్లాండ్‌లో పొగతాగేవారికి, ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది.

బి12 సంగతి వేరు. అది మొక్కల ఆహారంలో దొరకదు. పాలూ పెరుగూ పెద్దగా తీసుకోని శాకాహారులు, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగులు పరీక్ష చేయించుకుని, లోపముంటే డాక్టర్ చెప్పినంత వాడాలి.

మీ ఇంట్లో, మీ పక్కింట్లో గర్భిణి ఎవరైనా రక్తం గోలీలు మానేసి ఉంటే, ఆశా కార్యకర్తతో మాట్లాడించి ఈ వారమే మళ్లీ మొదలుపెట్టించండి.